నెల్లూరు తీరంలో జంట గాజు కిటికీలు

జంట గాజు కిటికీ (డబుల్ గ్లేజింగ్) అనగా రెండు గాజు పలకలను కొద్దిపాటి ఎడంతో నిలిపి, మధ్యనున్న పొడిగాలి గానీ ఆర్గాన్ వాయువు గానీ బయటికి పోకుండా, బయటి తేమ లోనికి రాకుండా అంచులను మూసి తయారుచేసిన కిటికీ. గదిలోని ఉష్ణోగ్రతకు, బయటి ఉష్ణోగ్రతకు మధ్య వేడి మార్పిడిని తగ్గించడం దీని ప్రయోజనం. చలిదేశాలలో గది వెచ్చదనాన్ని కాపాడుకొనుటకు పుట్టిన ఈ కిటికీ, ఎయిర్ కండిషనర్ల వాడకం పెరగడంతో ఉష్ణదేశాలకు కూడా వచ్చింది. ఆంధ్ర ప్రదేశ్‌లోని నెల్లూరు తీరం వంటి ఉక్కబోత ప్రాంతాలలో ఇది పనిచేసే తీరు చలిదేశాలలో కంటే భిన్నంగా ఉంటుంది. ఇక్కడ గాజు పలకల మధ్యనున్న గాలి కంటే గాజు మీది పూత, కిటికీ మీద పడే నీడ ఎక్కువ విద్యుత్తును ఆదా చేస్తాయి.

భారతదేశంలో చాలామంది జంట గాజును మొదట చూసేది ఇంట్లో కాదు, రైలులో. ఎ.సి. పెట్టెలకు తెరవడానికి వీలులేని జంట గాజు కిటికీలే ఉంటాయి. చెన్నై - విజయవాడ మార్గంలో నెల్లూరు మీదుగా ప్రయాణించేవారు కొన్ని పాత పెట్టెలలో రెండు గాజుల నడుమ మసక పట్టి, ఎంత తుడిచినా పోని కిటికీలను చూసే ఉంటారు. అంచుల మూత దెబ్బతిని తేమ లోపలికి చేరడమే అందుకు కారణం.

చరిత్ర

రెండు గాజు పలకలను ఎడంగా అమర్చి అంచులు మూసే పద్ధతికి 1865లో అమెరికాకు చెందిన థామస్ స్టెట్సన్ పేటెంటు పొందాడు. 1930లలో అమెరికాలో థర్మోపేన్ అనే పేరుతో ఇవి వ్యాపార స్థాయిలో తయారయ్యాయి. 1959లో ఇంగ్లండుకు చెందిన పిల్కింగ్టన్ సంస్థ, కరిగిన తగరం మీద గాజును తేల్చి పలకలు తీసే ఫ్లోట్ పద్ధతిని లోకానికి ప్రకటించింది. దీనితో రెండు వైపులా నునుపైన, సమతలమైన గాజు తక్కువ ఖర్చుకు లభించసాగింది. గాజు మీద కంటికి కనిపించనంత పలుచని లోహపు పూత వేసే విధానం 1980లలో వాడుకలోకి వచ్చింది. వేడి ప్రాంతాలకు జంట గాజు పనికి వచ్చేలా చేసినది ఈ పూతే.

గాజుతో నెల్లూరు తీరానికి ఇంకొక సంబంధం ఉంది. కిటికీ గాజులో సుమారు 70 శాతం సిలికా. పూర్వపు అవిభక్త నెల్లూరు జిల్లాలోని గూడూరు, చిల్లకూరు, కోట, చిట్టమూరు మండలాల తీరభూములలో తెల్లని సిలికా ఇసుక విస్తారంగా లభిస్తుంది. గాజు పరిశ్రమలకు ముడిసరుకుగా దీనిని తవ్వి తరలిస్తారు. ఈ ఇసుకను సోడా యాష్, సున్నపురాయి మొదలైన వాటితో కలిపి 1500 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాచినప్పుడు గాజు తయారవుతుంది. గాజు తయారీకి ఇంత ఇంధనం ఖర్చవుతుంది కనుక, కిటికీకి ఒక పలక బదులు రెండు పలకలు వాడినప్పుడు ఆ రెండవ పలక తన ఖర్చును తిరిగి సంపాదించాలి.

నిర్మాణం

సాధారణంగా ఒక్కొక్క పలక 4 నుండి 6 మిల్లీమీటర్ల మందం, మధ్య ఎడం 12 నుండి 16 మిల్లీమీటర్లు ఉంటాయి. ఎడం సమంగా ఉండుటకు పలకల అంచుల చుట్టూ బోలుగా ఉన్న పట్టీని అమర్చుతారు. ఇది ఎక్కువగా అల్యూమినియంతో చేసినదై ఉంటుంది. దాని బోలులో తేమను పీల్చుకొనే రసాయన గుళికలు నింపుతారు. పట్టీకి, గాజుకు మధ్య బ్యుటైల్ బంక, దాని వెలుపల పాలీసల్ఫైడ్ లేదా సిలికోన్ బంక పూస్తారు. మొదటిది తేమను అడ్డుకుంటుంది, రెండవది పలకలను గట్టిగా పట్టి ఉంచుతుంది.

పలకల ముఖాలను బయటి నుండి లోపలికి వరుసగా 1, 2, 3, 4 అని లెక్కిస్తారు. వేడి ప్రాంతాలలో లోహపు పూత 2వ ముఖం మీద, అనగా బయటి పలక లోపలి వైపున ఉండాలి. చలి ప్రాంతాలలో సాధారణంగా 3వ ముఖం మీద వేస్తారు. బిగించేటప్పుడు కిటికీని తిరగేసి బిగిస్తే పూత తప్పు ముఖం మీదికి వెళ్ళి, ఫలితం చాలావరకు తగ్గిపోతుంది. చూపుకు రెండూ ఒకేలా ఉండటం వలన ఈ పొరపాటును వెంటనే కనిపెట్టడం కష్టం.

పనిచేసే విధానం

కిటికీ ద్వారా వేడి రెండు దారులలో లోపలికి వస్తుంది. మొదటిది, బయటి గాలి లోపలి గాలి కంటే వేడిగా ఉన్నందువలన గాజు గుండా ప్రవహించే వేడి. రెండవది, సూర్యకిరణాలతో నేరుగా వచ్చే వేడి. ఈ రెంటినీ వేర్వేరుగా కొలుస్తారు.

మొదటి దానికి కొలత యు-విలువ. లోపలికి, బయటికి ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు కిటికీ గుండా ఎన్ని వాట్ల వేడి ప్రవహిస్తుందో ఇది తెలుపుతుంది. నిశ్చలమైన గాలి గాజు కంటే సుమారు 40 రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. అందువలన 6 మిల్లీమీటర్ల ఒంటి గాజుకు యు-విలువ సుమారు 5.7 కాగా, 12 మిల్లీమీటర్ల ఎడంతో ఉన్న సాదా జంట గాజుకు సుమారు 2.8 ఉంటుంది. పూత కలిగిన జంట గాజుకు ఇది 1.6 వరకు తగ్గుతుంది. ఎడం మరీ పెంచితే మధ్యనున్న గాలి కదలడం మొదలుపెట్టి వేడిని మోసుకుపోతుంది కనుక 16 మిల్లీమీటర్లు దాటిన తరువాత పెద్దగా లాభం ఉండదు.

రెండవ దానికి కొలత సౌరతాప గుణకం (ఎస్.హెచ్.జి.సి.). కిటికీ మీద పడిన సౌరశక్తిలో ఎంత భాగం వేడిగా గదిలోకి చేరుతుందో ఇది తెలుపుతుంది. సాదా ఒంటి గాజుకు ఇది సుమారు 0.82, సాదా జంట గాజుకు సుమారు 0.70. రెండవ పలక చేర్చినా సూర్యుని వేడిలో తగ్గేది కొద్దిగానే అని దీనిని బట్టి తెలుస్తుంది. గాజు పారదర్శకం, దాని వెనుక ఉన్న గాలీ పారదర్శకమే. ఎండ రెంటినీ దాటి వచ్చి గచ్చు మీద పడుతుంది. వచ్చే ఎండలోని పరారుణ కిరణాలను వెనుకకు పంపే పూత ఉన్నప్పుడే ఈ గుణకం 0.27 వరకు గాని, అంతకన్న తక్కువకు గాని దిగుతుంది. మంచి పూత వేడి కిరణాలను ఆపుతూనే వెలుతురును లోపలికి రానిస్తుంది. కేవలం రంగు గాజు వాడితే వెలుతురు కూడా తగ్గి, పగలే దీపాలు వేయవలసి వస్తుంది.

నెల్లూరు తీరపు ఎండ

నెల్లూరు నగరం 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉంది. ఇక్కడ మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం వరకు పడమటి నుండి పొడి వడగాడ్పు వీస్తుంది. సముద్రపు గాలి తిరిగిన తరువాత వేడి కొంత తగ్గినా ఉక్క పెరుగుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 28 డిగ్రీల ప్రాంతంలోనే ఆగిపోతుంది. చలికాలంలో గదిని వేడి చేయవలసిన అవసరం ఇక్కడ లేదు. చలిదేశపు కిటికీకి లోపలికి, బయటికి మధ్య 30 డిగ్రీల తేడా ఉంటే, నెల్లూరు కిటికీకి ఎండాకాలపు మధ్యాహ్నం కూడా 15 డిగ్రీల తేడాయే ఉంటుంది. రాత్రివేళ, వర్షాకాలంలో అది నాలుగైదు డిగ్రీలకు పడిపోతుంది. యు-విలువను తగ్గించడం వలన కలిగే లాభం ఈ తేడా మీద ఆధారపడి ఉంటుంది కనుక ఇక్కడ ఆ లాభం తక్కువ.

దీనిని ఒక లెక్కతో చూడవచ్చును. ఒకటిన్నర చదరపు మీటర్ల పడమటి కిటికీ మీద సాయంత్రం 4 గంటలకు చదరపు మీటరుకు 500 వాట్ల ఎండ పడుతున్నదని, బయట 40 డిగ్రీలు, ఎ.సి. గదిలో 25 డిగ్రీలు ఉన్నాయని అనుకుందాం. సాదా ఒంటి గాజు గుండా ఉష్ణోగ్రతల తేడా వలన 128 వాట్లు, ఎండ వలన 615 వాట్లు, మొత్తం 743 వాట్ల వేడి లోపలికి వస్తుంది. సాదా జంట గాజు పెడితే ఇవి 63, 525 అయి, మొత్తం 588 వాట్లు అవుతుంది. అనగా రెండవ పలక వలన తగ్గినది అయిదవ వంతు మాత్రమే. పూత ఉన్న జంట గాజు పెడితే 36, 203, మొత్తం 239 వాట్లు. ఒంటి గాజుతో పోల్చినప్పుడు ఆదా అయిన 504 వాట్లలో సుమారు 412 వాట్లు ఎండను ఆపడం వలన వచ్చినవే. ఎయిర్ కండిషనర్ ఒక వంతు విద్యుత్తుతో మూడు వంతుల వేడిని బయటికి పంపుతుందనుకుంటే, ఈ ఒక్క కిటికీ వలన గంటకు సుమారు 168 వాట్-గంటలు, అటువంటి ఎండ మూడు గంటలు ఉంటే రోజుకు సుమారు అర యూనిట్ విద్యుత్తు మిగులుతుంది.

ఇదే లెక్కను నీడకు వర్తింపజేస్తే ఫలితం ఆలోచింపజేసేదిగా ఉంటుంది. ఒంటి గాజు కిటికీకే వెలుపల వెదురు తడిక కట్టి, ఎండలో నాలుగవ వంతు మాత్రమే గాజును చేరేలా చేసినచో వచ్చే వేడి 128, 154, మొత్తం 282 వాట్లు. పూత ఉన్న జంట గాజుకు ఇది దరిదాపుల్లోనే ఉన్నది, ఖర్చు మాత్రం ఎన్నో రెట్లు తక్కువ. అయితే తడిక వెలుతురును, చూపును కూడా అడ్డుకుంటుంది, గాలివానకు నిలవదు. తెరను కిటికీ లోపలి వైపు కడితే ఇంత ఫలితం ఉండదు, ఎందుకంటే అప్పటికే ఎండ గాజును దాటి గదిలోకి వచ్చి ఉంటుంది. పూర్వం వసారాలు, దిగువకు వాలిన చూరులు, తడికలు చేసిన పని ఇదే. నీళ్ళు చల్లిన వట్టివేళ్ళ తడికలు పొడి వడగాడ్పు వీచే వేళల్లో గాలిని చల్లబరుస్తాయి, సముద్రపు గాలి తిరిగి తేమ పెరిగిన తరువాత వాటి ప్రభావం తగ్గుతుంది.

కిటికీ ఏ దిక్కున ఉన్నదన్నది కూడా ముఖ్యమే. దక్షిణపు కిటికీకి పైన సజ్జ ఉంటే చాలు, చలికాలంలో కూడా మధ్యాహ్నపు సూర్యుడు 52 డిగ్రీల ఎత్తుకు తగ్గడు. తూర్పు, పడమర దిక్కులలో సూర్యుడు కిందికి ఉంటాడు కాబట్టి సజ్జ సరిపోదు. పూత గాజు అవసరం ఎక్కువగా ఉండేది అక్కడే. ఉత్తరపు కిటికీకి ఎండ పడదనే నమ్మకం ఉత్తర భారతంలో చాలావరకు నిజం, నెల్లూరులో కాదు. ఏప్రిల్ చివరి నుండి ఆగస్టు మధ్య వరకు మధ్యాహ్నవేళ సూర్యుడు ఇక్కడ నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ నెలల్లో ఉదయం ఈశాన్యం నుండి, సాయంత్రం వాయవ్యం నుండి ఉత్తరపు గోడ మీద ఎండ పడుతుంది.

నియమాలు

2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2007లో వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు భవన నియమావళిని (ఇ.సి.బి.సి.) వెలువరించింది. అనుసంధాన లోడు లేదా ఒప్పంద డిమాండు ఎక్కువగా కలిగిన భవనాలను ఇది దృష్టిలో ఉంచుకున్నది. ఆంధ్ర ప్రదేశ్ దీనిని తన భవన నిబంధనలలో 2014లో చేర్చింది. ఈ నియమావళి దేశాన్ని ఐదు శీతోష్ణ మండలాలుగా విభజిస్తుంది. నెల్లూరు తీరం ఉష్ణ-ఆర్ద్ర మండలంలోకి వస్తుంది.

2017 నాటి కూర్పు ప్రకారం ఈ మండలంలో కిటికీ యు-విలువ 3.0కు, ఉత్తరేతర దిక్కులలో సౌరతాప గుణకం 0.27కు మించరాదు. ఉత్తరపు కిటికీలకు 15 డిగ్రీల అక్షాంశానికి పైనున్న ప్రాంతాలలో 0.50 వరకు సడలింపు ఉన్నది. 15 డిగ్రీలకు దిగువన ఆ సడలింపు లేదు, అక్కడ ఉత్తరానికి కూడా 0.27 వర్తిస్తుంది. కావలి నుండి దక్షిణాన ఉన్న నెల్లూరు తీరమంతా ఈ గీతకు దిగువనే ఉన్నది. సజ్జలు, నిలువు పలకలతో నీడ కల్పించిన కిటికీలకు ఆ నీడను లెక్కలోకి తీసుకొనే వీలును కూడా నియమావళి కల్పించింది. యు-విలువ 3.0కు లోబడటం సాదా ఒంటి గాజుకు సాధ్యం కాదు గనుక పెద్ద కార్యాలయ భవనాలలో జంట గాజు వాడకం పెరుగుటకు ఈ నియమం కూడా ఒక కారణం. 2024లో ఈ నియమావళిని సుస్థిరతకు సంబంధించిన అంశాలతో విస్తరించి కొత్త రూపంలో వెలువరించారు.

నివాస గృహాలకు 2018లో వచ్చిన ఎకో-నివాస్ సంహిత వేరొక దారి తొక్కింది. గోడలు, కిటికీలు కలిపి భవనపు వెలుపలి భాగం గుండా లోపలికి వచ్చే వేడికి చదరపు మీటరుకు 15 వాట్ల పరిమితి విధించింది. దీనితోపాటు ఉష్ణ-ఆర్ద్ర మండలంలో తెరవగల కిటికీల వైశాల్యం గచ్చు వైశాల్యంలో కనీసం 16.66 శాతం, అనగా ఆరవ వంతు, ఉండాలన్నది. అయిదు మండలాలలోకీ ఇదే అత్యధికం. తీరప్రాంతంలో ఇంటికి గాలి ప్రధానమన్న గుర్తింపు ఇందులో ఉన్నది. తెరిచిన కిటికీకి గాజు ఒకటైనా రెండైనా ఒకటే. ఎ.సి. లేని ఇంటికి జంట గాజు మీద డబ్బు వెచ్చించడం కంటే పైకప్పుకు వేడి నిరోధకపు పొర వేయించడం, ఎదురెదురుగా కిటికీలు పెట్టించడం మేలు.

రాష్ట్రంలో ఉదాహరణ

అవిభక్త ఆంధ్ర ప్రదేశ్‌లో జంట గాజును ఇంధన పొదుపు కోసం వాడిన తొలి ప్రసిద్ధ భవనాలలో హైదరాబాదులోని సి.ఐ.ఐ. - సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఒకటి. దీని వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్. 2003లో దీనికి లీడ్ ప్లాటినం గుర్తింపు లభించింది, అమెరికా వెలుపల ఈ గుర్తింపు పొందిన మొదటి భవనం ఇదే. 2004 జూలైలో అప్పటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం దీనిని ప్రారంభించాడు. జంట గాజుతో పాటు జాలీ గోడలు, నడిమి ముంగిలి, మొక్కలు పెంచిన పైకప్పు ఇందులో ఉన్నాయి. నీడనిచ్చే పాత పద్ధతులను వదిలి గాజును మాత్రమే నమ్ముకున్న భవనం కాదిది. తరువాతి కాలంలో హైదరాబాదులో వెలసిన గాజు గోడల కార్యాలయాలు చాలావరకు గాజును తీసుకుని నీడను విడిచిపెట్టాయి. పైగా హైదరాబాదు గాలి నెల్లూరు గాలి కన్నా పొడిగా ఉంటుంది, అక్కడ సముద్రపు ఉప్పు బెడద లేదు.

సముద్రతీరపు సమస్యలు

తీరంలో కిటికీకి శత్రువులు తేమ, ఉప్పుగాలి, తుఫాను. ఎండకు వేడెక్కినప్పుడు గాజుల మధ్యనున్న గాలి వ్యాకోచించి, రాత్రి సంకోచించి, అంచుల బంకను రోజూ లాగుతూ వదులుతూ ఉంటుంది. ఎక్కడైనా సన్నని పగులు ఏర్పడితే తేమ లోపలికి చేరుతుంది. గుళికలు పీల్చుకోగలిగినంత పీల్చుకున్న తరువాత గాజుల నడుమ మసక పడుతుంది. మూసిన జంట పలకను ఉన్నచోటనే బాగుచేయడం సాధ్యం కాదు, మొత్తంగా మార్చవలసినదే.

దీనిని బయటి వైపు పట్టే చెమ్మతో పొరబడకూడదు. తీరంలో వానాకాలపు గాలిలో తేమ ఎంతగా ఉంటుందంటే, ఎ.సి. గది ఒంటి గాజు కిటికీకి వెలుపల నీటి బిందువులు కట్టి కారుతుంటాయి. చల్లని నీళ్ళు పోసిన గ్లాసు చుట్టూ చెమర్చినట్టే ఇదీను. జంట గాజుకు బయటి పలక వెచ్చగా ఉంటుంది గనుక ఈ చెమ్మ బాగా తగ్గి, చెక్క చట్రం, గోడ అంచు నానకుండా ఉంటాయి. తీరవాసులకు విద్యుత్ ఆదా కంటే ముందుగా కంటికి కనిపించే లాభం ఇది.

చట్రం విషయంలో అల్యూమినియం వేడిని తేలికగా ప్రసరింపజేస్తుంది. మంచి గాజును సాదా అల్యూమినియం చట్రంలో బిగిస్తే చట్రం దారిన వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. మధ్యలో ప్లాస్టిక్ అడ్డుపట్టీ ఉన్న అల్యూమినియం, యు.పి.వి.సి., టేకు చట్రాలు ఇందుకు నయం. ఉప్పుగాలికి మామూలు ఇనుప మరలు, బందులు త్వరగా తుప్పు పడతాయి కనుక 316 రకపు స్టెయిన్‌లెస్ స్టీలు వాడటం మంచిది. చట్రం బెసికి సందు పడితే ఆ సందు గుండా వచ్చే ఉక్కగాలి, గాజు వలన కలిగిన ఆదాను తినివేస్తుంది. ఎయిర్ కండిషనర్ గాలిని చల్లబరచడమే గాక అందులోని తేమను నీరుగా మార్చడానికి కూడా విద్యుత్తు ఖర్చు చేయవలసి ఉండటమే దీనికి కారణం.

నెల్లూరు తీరం తుఫానుల దారిలో ఉన్నది. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద, 1989 నవంబరులో కావలి వద్ద తీవ్ర తుఫానులు తీరం దాటాయి. భారత ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగం నెల్లూరుకు ప్రాథమిక గాలి వేగాన్ని సెకనుకు 50 మీటర్లుగా, అనగా గంటకు 180 కిలోమీటర్లుగా చూపుతుంది. అంతటి గాలి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బరువంతటి ఒత్తిడి కలిగిస్తుంది. పైన లెక్కించిన ఒకటిన్నర చదరపు మీటర్ల కిటికీ మీద అది 225 కిలోలు. జంట గాజు అయినంత మాత్రాన తుఫానుకు తట్టుకుంటుందని అనుకోరాదు. గాలికి కొట్టుకువచ్చిన కొమ్మ గానీ రేకు గానీ తగిలితే సాదా గాజు పెద్ద పెంకులుగా పగులుతుంది. గట్టిపరచిన గాజు చిన్న ముక్కలుగా రాలుతుంది. రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర అతికిన లామినేటెడ్ గాజు మాత్రం పగిలినా చట్రంలోనే నిలిచి ఉంటుంది. కిటికీ ఊడి గాలి ఇంటిలోకి చొరబడితే పైకప్పు లేచిపోయే ప్రమాదం ఉన్నందున, తీరానికి దగ్గరగా కట్టే భవనాలలో లోపలి పలకనైనా లామినేటెడ్ గాజుగా ఎంచుకోవడం మేలు.

విద్యుత్తు, బొగ్గు

ఈ తీరంలోనే ముత్తుకూరు మండలం నేలటూరు వద్ద శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. దీనిలో 800 మెగావాట్ల యూనిట్లు మూడు కలవు, మూడవ దానిని 2022 అక్టోబరులో ప్రారంభించారు. పక్కనే ఉన్న కృష్ణపట్నం రేవు నుండి బొగ్గు దిగుమతికి వీలుండటం వలన ప్రైవేటు థర్మల్ కేంద్రాలు కూడా ఇక్కడ వెలిశాయి. ఎండాకాలపు మధ్యాహ్నం నుండి రాత్రి వరకు ఎ.సి.ల వలన విద్యుత్తు గిరాకీ పెరుగుతుంది. సాయంత్రం సౌర విద్యుత్తు తగ్గిన తరువాత ఆ గిరాకీలో అధిక భాగం బొగ్గు మీదనే పడుతుంది. పడమటి కిటికీలలో ఎండ అత్యధికంగా ఉండే వేళ, గోడలు పగలంతా పీల్చుకున్న వేడిని విడుదల చేసే వేళ కూడా దాదాపు ఇదే.

ఎయిర్ కండిషనర్లకు 2020 జనవరి నుండి 24 డిగ్రీలను ముందుగా అమర్చిన ఉష్ణోగ్రతగా నిర్ణయించారు. గదిలో 20కి బదులు 24 డిగ్రీలు ఉంచుకున్నప్పుడు బయటి వేడితో ఉన్న తేడా తగ్గి, ఒంటి గాజు గుండా ప్రవహించే వేడి కూడా ఆ మేరకు తగ్గుతుంది. పై లెక్కలోని కిటికీకి ఈ నాలుగు డిగ్రీల వలన కలిగే తగ్గుదల సుమారు 34 వాట్లు. రోజంతా ఎ.సి. నడిచే ఆసుపత్రి, హోటలు, బ్యాంకు, కంప్యూటర్ కేంద్రం వంటి భవనాలలో పూత ఉన్న జంట గాజు ఖర్చు కాలక్రమంలో తిరిగి వస్తుంది. రాత్రి ఒక్క పడకగదిలో మాత్రమే ఎ.సి. వేసుకొనే ఇంటిలో ఎండ లేని వేళ అది ఆదా చేసేది స్వల్పం. అటువంటి ఇంటికి పడమటి కిటికీ వెలుపల నీడ కల్పించడమే చౌకైన మార్గం.